కిటికీ మూల గూడు

స్టవ్ మీద టీ మరుగుతుండగా మ్యూజియం నుంచి ఫోన్ వచ్చింది.

"మావయ్యగారూ! మీ సాలీడు కొత్త జాతేనట! పేరు మీరే పెట్టాలట! రేపు పొద్దున ఫోటోలు తీస్తారట, గూడుతో సహా!" అంటూ కొత్త కోడలు గంతులేసింది. టీ పొంగి స్టవ్ ఆరిపోయినా ఎవరూ పట్టించుకోలేదు.

జీవితమంతా సాలీళ్ల వెంట తిరిగిన ఆ పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు, మళ్లీ తుడుచుకున్నారు. ఆ సాలీడు ఏ అడవిలోదో కాదు, వెనక గది కిటికీలోదే. వెంటనే వెళ్లి దాన్ని ఓసారి చూసుకుని, స్నానానికి వెళ్లారు.

అతిథులొస్తున్నారన్న హుషారులో కోడలు చీపురు అందుకుంది. కాసేపటికి వెనక గదిలోంచి భర్త కేక వినిపించింది.

"ఇక్కడి గూడేదీ?"

"తెల్లగా దుమ్ము పట్టిన ఆ బూజా? దులిపేశాగా!"

"దుమ్ము కాదే తల్లీ, పిండి! దారాలు ఫోటోలో కనిపిస్తాయా లేదా అని నాన్న ఇందాకే చల్లారు. కొంచెం ఆలోచించాలి కదా!"

"పెళ్లికి ముందు నా ఇష్టాలన్నీ అడిగావు. బూజు దులుపుతావా అని ఒక్కసారైనా అడిగావా?" అంటూనే ఆమె చీపురు కింద పడేసి కళ్లు తుడుచుకుంది. మావయ్యగారి ఒక్కగానొక్క సంబరాన్ని తన చేతులతోనే ఊడ్చేసింది.

తడి తలతో వచ్చిన మావయ్యగారు వంగి కిటికీ గడియ వెనక చూశారు.

"ఉంది మహాతల్లి. క్షేమంగానే ఉంది."

తర్వాత కొడుకు వైపు తిరిగారు. "మీ అమ్మ కూడా కొత్తలో ఇదే పని చేసిందిరా. నేనూ నీలాగే ఎగిరిపడ్డాను. అలిగి ఈ కిటికీ దగ్గరే కూర్చుండిపోయింది. తెల్లారకముందే నన్ను తట్టి లేపి, 'ఇదిగో మీ గూడు, మళ్లీ అల్లుతోంది చూసుకోండి' అంది. ఇలాంటి సాలీళ్లు రోజూ కొత్త గూడు అల్లుతాయని అంతకుముందే చదివాను. కళ్లారా చూసింది మాత్రం ఆ రోజే, తన పక్కన కూర్చుని. ఆ తర్వాత పిండి జల్లెడ ఎప్పుడూ తన చేతిలోనే ఉండేది."

ఆయన గొంతు తగ్గింది. "తను పోయాక ఇవాళే చల్లాను. అలవాటు తప్పి ఎక్కువ పడింది. నీకు దుమ్ములా కనిపించిందంటే తప్పు నాదేనమ్మా. ఇక సాలీడు పేరు సంగతంటావా... మీ అత్తయ్య పేరే."

"సాలీడుకా! అత్తయ్య ఒప్పుకునేవారా?" కన్నీళ్లలోనే నవ్వేసింది కోడలు.

"ముందు అలిగేది. తర్వాత వీధంతా చాటేది."

కొడుకు నేల మీది చీపురు తీసి మూలన పెట్టాడు. "సారీ" అన్నాడు భార్యతో, మెల్లగా.

"రేపు తెల్లవారకముందే ముగ్గురం ఇక్కడే కూర్చుందాం," అన్నారు పెద్దాయన. "అది అల్లడం పూర్తవగానే జల్లెడ పట్టేది మా కోడలు. టీ పెట్టేది నువ్వురా. పొంగనివ్వకు!"