గురక ఆగిన మధ్యాహ్నం

"రేపు మా తమ్ముణ్ణి మా ఇంటికి తీసుకెళ్ళిపోతాను ఇన్సాఫ్. ఇక్కడ వాడి పక్కన పడుకునే దిక్కు కూడా లేదు," అంది అత్తియాత్, చుట్టాలందరూ వింటుండగానే.

ఇన్సాఫ్ తల దించుకుని టీలు అందిస్తూనే ఉంది. ఆడపడుచు మాట నిజమే మరి... ఈజిప్టులోని దుమ్యాత్ ఊళ్ళో ఎందరో పెళ్ళికూతుళ్ళు ఆమె భర్త, వడ్రంగి షుక్రీ చెక్కిన మంచాల మీదే కాపురం మొదలుపెట్టారు. ఆ షుక్రీ భార్య మాత్రం కుట్టుమిషను గదిలో ఏళ్ళ తరబడి ఒంటరిగా పడుకుంటోంది! "నువ్వు ఆ గదిలో పడుకో" అని ఆయనే ఒకనాడు అన్నాడు. ఎందుకో చెప్పలేదు. ఏం వినాల్సి వస్తుందోనన్న భయంతో ఆమె అడగలేదు.

పక్షవాతం వచ్చి ఆయన కుడిచెయ్యి, మాట రెండూ పడిపోయాక ఇల్లు పరామర్శలతో నిండిపోయింది. వచ్చినవాళ్ళకి టీలు కాచడంతోనే ఆమెకి పొద్దు గడిచిపోయేది. భర్త పక్కన కూర్చునే తీరిక ఊళ్ళో అందరికీ ఉంది, ఆమెకి తప్ప. మొదటి నెలల్లోనే గట్టిగా సాధన చేయించాలి, ఆలస్యమైతే కష్టమని డాక్టరమ్మ మరీమరీ చెప్పింది. కానీ వ్యాయామం చేయించే అతను వచ్చేసరికి షుక్రీ గుర్రుపెట్టి నిద్రపోతుండేవాడు.

"మాషా అల్లా, ఎంత హాయిగా పడుకున్నాడో విను. నిద్రలోనే ఒళ్ళు బాగుపడుతుంది. లేపావంటే ఊరుకోను," అని అత్తియాత్ అతన్ని గుమ్మంలోంచే పంపించేసేది. చుట్టాలు అవునవునని తలలూపేవారు.

ఆ మధ్యాహ్నం చుట్టాలు వెళ్ళిపోయారు. అత్తియాత్ తమ్ముడి బట్టలు సర్దుతోంది. ఇన్సాఫ్ వచ్చి మంచం పక్కన కూర్చుంది. రేపటినుంచి ఈ ముఖం కూడా కనబడదు కదా అనుకుంటూ ఆయన దుప్పటి సర్దింది. అంతలో గురక ఆగిపోయింది. ఆమె ఎదురుచూసింది. గొంతులోంచి గాలి రాలేదు, పెదాలు నల్లబడుతున్నాయి... ఉన్నట్టుండి ఉలిక్కిపడినట్టు ఊపిరి లాగి, మళ్ళీ గురక మొదలుపెట్టాడు. కాసేపటికి మళ్ళీ ఆగింది.

"వదినా, ఒక్కసారి ఇలా రండి. గురక ఆగిపోతోంది."

"గురక తగ్గితే మంచిదే కదే," అంటూ వచ్చిన అత్తియాత్ చేతిలో చొక్కా జారిపోయింది. "ఓరి దేవుడా... వీడికి ఊపిరాడట్లేదు."

"ఇది నిద్ర కాదమ్మా, ఊపిరి కోసం పెనుగులాట," అంది ఆ సాయంత్రం వచ్చి చూసిన డాక్టరమ్మ. "పగలు నేర్పిందాన్ని మెదడు నిద్రలోనే పదిలం చేసుకుంటుంది. ఈయనకి ఆ నిద్రే లేదు. ఇక చెయ్యి ఎలా కదులుతుంది? అసలు ఈ జబ్బు ముదిరితే పక్షవాతానికే దారితీస్తుంది. ఇన్నాళ్ళూ పక్కన పడుకునేవాళ్ళెవరూ గమనించలేదా?"

ఈసారి తల దించుకున్నది అత్తియాత్. సర్దిన బట్టలు ఆమే మళ్ళీ బీరువాలో పెట్టేసింది.

పరీక్షలయ్యాయి. ముక్కుకి తొడుగు బిగించి గాలి పంపే యంత్రం వచ్చింది. ఆ తొడుగు ఊడకుండా చూడటానికి ఇన్సాఫ్ ఆయన పక్కనే పడుకునేది. పరాయివాళ్ళింట్లో పడుకున్నట్టు మంచం అంచున, ముడుచుకుని... మెల్లగా ఆయనకి పగటి తూగు తగ్గింది. వ్యాయామానికి మెలకువగా ఉంటున్నాడు. వేళ్ళు కదిలాయి. ఒక్కొక్క మాటే వస్తోంది.

ఒక పొద్దున ఆమె ఉడికించిన చిక్కుడుగింజలు తినిపిస్తుంటే ఆయన చెంచాని పక్కకి నెట్టాడు.

"అప్పట్లో... ఊపిరి ఆగి... లేచేవాణ్ణి. చచ్చిపోతానని... భయం. నువ్వు... చూడకూడదని... పంపేశా."

ఇన్సాఫ్ చెంచాని గిన్నెలో పెట్టేసింది. తనలో ఏ లోపం ఉందోనని ఆ గదిలో ఎన్ని రాత్రులు కుమిలిపోయింది!

"నా మొహం చూడలేక పంపారనుకున్నానండీ."

ఆయన కాదని తల అడ్డంగా ఊపాడు. కళ్ళ నీళ్ళు చెంపల మీదికి కారుతున్నాయి.

"ఒక్క మాట చెప్పుంటే పక్కనే ఉండేదాన్ని కదా. ఆనాడే డాక్టరుకి చూపించుకునేవాళ్ళం. ఇంతదాకా వచ్చేదా?"

ఆయన ఎడంచేత్తో ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆమె గిన్నె కింద పెట్టి, ఆయన భుజం మీద తల ఆనించి, అన్నేళ్ళ ఏడుపూ ఏడ్చింది.