పంపుహౌసులో ఎవులో ఉన్నారు

భిలాయిలో సెక్టర్ 7 దాటి, క్వార్టర్ల వరసలు అయిపోయిన చోట చెరువుగట్టు మొదలవుతుంది. ఆ గట్టు మీద సగం దూరం నడిస్తే ఒక పాత పంపుహౌసు. మోటార్లు ఎప్పుడో పీకేశారు. తలుపులు, కిటికీ ఊచలు, చివరికి గోడలో మేకులు కూడా ఎవరో పట్టుకుపోయారు. మిగిలింది ఒక్క చెడ్డపేరే. దాన్ని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు.

చెడ్డపేరు పాతదే. కాని ఈ ఏడు ఉగాది వెళ్ళాక మరీ ముదిరింది. పొద్దుగూకాక అటు వెళ్తే లోపల ఎర్రగా... ఒకే ఒక్క కన్ను కనబడుతుందట. గల్లు గల్లుమని చప్పుడట. ఉండుండి బుస్సుమని ఊపిరి వదులుతుందట. అది ఛత్తీస్‌గఢ్ దెయ్యమా, మన శ్రీకాకుళం నుంచి వలసొచ్చిందా అని కొన్నాళ్ళు వాదన నడిచింది. తెలుగులోనే మాట్లాడుతుందని ఎవరో రూఢి చేశాక మనవాళ్ళు ఛాతీ విరుచుకున్నారు. ఉక్కు ప్లాంటులో ప్రమోషన్లు ఎవరికొచ్చినా, దెయ్యం మాత్రం మనది.

వెంకటేశ్వరరావుగారు ఇవేవీ నమ్మడు. ప్లాంటులో పెద్ద ఇంజనీరు. సెక్టర్లోని తెలుగువాళ్ళ మిత్రమండలికి కార్యదర్శి. ఏటా ఒకసారి మండలి హాల్లో ‘దెయ్యం - ఒక దృష్టిదోషం’ అని నలభై రెండు స్లైడులతో ఉపన్యాసం ఇస్తాడు. పదిహేనేళ్ళుగా ఇస్తున్నాడు. ఒక్కరు మారలేదు. ఆయన మాత్రం సాయంత్రం ఆరు దాటితే గట్టు మీంచి కాక, రెండు కిలోమీటర్లు చుట్టు తిరిగి ఇంటికొస్తాడు. ఎందుకండీ అంటే, “దోమలు” అంటాడు.

అలాంటాయన కొంపకి ఒక ఫిన్లాండు ఇంజనీరు వల్ల ముప్పొచ్చింది.

అతని పేరు తాపియో. ప్లాంటులో కొలత యంత్రాలు బిగించడానికి ఎనిమిది నెలల పని మీద వచ్చాడు. వాళ్ళ దేశంలో లక్షకు పైగా చెరువులున్నాయట. అన్నీ వదిలొచ్చి, మన చెరువు చూసి ఇల్లు గుర్తొస్తోందని కళ్ళు తుడుచుకున్నాడు. సెలవు దొరికితే చాలు, సైకిలెక్కి సంస్కృతి వెతుక్కుంటూ బయల్దేరేవాడు. పవర్‌హౌస్ బజారులో పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఏమీ కొనకుండా తిరిగేవాడు. పక్క ఊళ్ళో అక్కడివాళ్ళు ఆడే పంథీ నాట్యం చూసి, వాళ్ళతో కలిసి ఎగిరి మడమ బెణికించుకున్నాడు. మండలి నాటకం రిహార్సళ్ళకి వచ్చి నాలుగేసి గంటలు కూర్చునేవాడు. కొన్నాళ్ళకి నటులకన్నా ముందు అతనికే డైలాగులు వచ్చేశాయి.

ఉగాదికి మండలి అతనికి సన్మానం చేసింది. శాలువా కప్పి, అతని గురించి ఆరుగురు మాట్లాడారు. అతన్ని మాట్లాడమని మాత్రం ఎవరూ అడగలేదు.

సెప్టెంబరులో ఒక సాయంత్రం వెంకటేశ్వరరావు అతన్ని ఇంటికి భోజనానికి పిలిచాడు. భార్య ఛాయ పులిహోర వడ్డించింది. తాపియో చెయ్యి అడ్డం పెట్టి అన్నాడు:

“సాలు సాలమ్మా! ఇంతేస్తే ఏటైపోతాను?”

ఛాయ గరిట గాల్లోనే ఆగిపోయింది. అది రిహార్సల్లో నేర్చిన తెలుగు కాదు. అచ్చం టెక్కలి సంతలో వినబడే తెలుగు.

“ఎవరు నేర్పారు?” అన్నాడు వెంకటేశ్వరరావు ఇంగ్లీషులో.

“చెరువు గట్టు మీద ఒక పాత ఇల్లుంది కదా. తలుపుల్లేని ఇల్లు. అందులో ఒక అమ్మ ఉంటుంది. రోజూ వెళ్తాను.”

ఛాయ మొహం పాలిపోయింది. “ఎప్పుడు వెళ్తారో అడగండి,” అంది మెల్లగా.

“చీకటి పడ్డాక. పగలు ఆవిడ ఉండదు.”

“పాదాలు... పాదాలు ఎటున్నాయో అడగండి.”

వెంకటేశ్వరరావు అడగనన్నాడు. కూతురు ప్రసూన అడిగేసింది. తాపియో కాసేపు ఆలోచించాడు. “చూళ్ళేదు. చీకటి కదా. ఈసారి తప్పకుండా చూస్తాను.”

“పేరు?”

“అడిగితే నవ్వుతుంది. నన్ను మాత్రం తాపీబాబూ అని పిలుస్తుంది.”

వంటింట్లో కుక్కరు కూత వేసింది. వెంకటేశ్వరరావు కుర్చీలో ఒక్కసారి ఎగిరిపడ్డాడు.

ప్రసూనకి పద్దెనిమిదేళ్ళు. భిలాయిలోనే పుట్టింది. తెలుగు సగం, హిందీ సగం. “పప్పా, దృష్టిదోషమే కదా? చలో, మీరే వెళ్ళి చెక్ చేసి రండి నా! నేను గ్రూపులో పెడతాను.”

పెట్టేసింది కూడా. మండలి గ్రూపులో నూట ఎనభై మంది ఉన్నారు. ‘ఇవాళ పప్పా పంపుహౌసుకి’ అన్న నాలుగు నిమిషాల్లో అరవై నమస్కారాలు, పదకొండు దీపాలు వచ్చాయి. ఎవరో తొందరపడి ఒక పూలదండ కూడా పెట్టి, వెంటనే తీసేశారు.

ఇంక వెళ్ళక ఏం చేస్తాడు?

ఏడున్నరకి ఇద్దరూ గట్టెక్కారు. ఒక పక్క నల్లగా నీళ్ళు. దూరంగా ప్లాంటు చిమ్నీల మీద ఎర్రటి వెలుగు. తాపియో ఈల వేస్తూ సైకిలు నడిపించుకొస్తున్నాడు. వెంకటేశ్వరరావు మాత్రం గాలి వేగం, తేమ శాతం గురించి ఆగకుండా మాట్లాడుతున్నాడు. మాటలాగితే చప్పుళ్ళు వినబడతాయి కదా.

అంతలో తాపియో ఫోను మోగింది. ఫిన్లాండు నుంచి వాళ్ళమ్మ. అతను ఫోను తిప్పి ఆవిడకి చెరువు చూపించడం మొదలెట్టాడు. “మీరు వెళ్తూ ఉండండి. ఆవిడ చాలా మంచిది,” అన్నాడు.

“నేనాగుతాను...”

“వద్దు వద్దు. మా అమ్మ గంటసేపు మాట్లాడుతుంది.”

వెనక్కెళ్తే గ్రూపులో నూట ఎనభై మంది. ముందుకెళ్తే ఒక్కర్తే. లెక్క చూసుకుని ముందుకే నడిచాడు వెంకటేశ్వరరావు.

పది అడుగులు... ఇరవై...

పంపుహౌసు నల్లగా లేచి నిలబడింది. తలుపు లేని గుమ్మంలోంచి ఎర్రగా... ఒకే ఒక్క కన్ను.

దృష్టిదోషం, అనుకున్నాడు. స్లైడు పదిహేడు.

గల్లు... గల్లు...

శ్రవణదోషం. దానికి స్లైడు లేదు.

బుస్సుమని ఏదో ఊపిరి వదిలింది. వేడిగాలి మొహానికి తగిలింది. లైటు వెయ్యబోతే ఫోను జారి గడ్డిలో పడింది.

ఎర్రకన్ను వెనక నీడ ఒకటి లేచింది.

“ఎవులది?”

ఆయన గడ్డిలో ఫోను కోసం తడుముకున్నాడు.

నీడ ఒక అడుగు ముందుకేసింది. “ఎంకటేస్సర్రావుగోరా?... వచ్చీసినారా! ఎప్పుడో ఒకనాడు వస్తారనుకున్నాను...”

పేరు! పేరుతో పిలిచింది!

“నన్నక్కడినించి పంపించీసినది మీరే కదా, బాబూ...”

ఇరవై ఎనిమిదేళ్ళ ఆఫీసు ఇంగ్లీషూ, మండలి వేదిక మీద గ్రాంథికమూ ఒక్క ఊపున ఎగిరిపోయాయి. “ఓలమ్మో! నానేటి సేసినానే తల్లీ! నన్నొగ్గీవే!” అని వెంకటేశ్వరరావు చతికిలబడ్డాడు. ఆంజనేయుణ్ణి పిలిచాడు. ఛాయని పిలిచాడు. ఆఖరికి సెక్యూరిటీని కూడా పిలిచాడు.

దెయ్యం లాంతరు వత్తి పెంచింది.

“అయ్యో, అయ్యో! ఏటి బాబూ, అలా కూలబడిపోనారు? లెగండి. ఈ బెంచీ మీద కూకోండి. ఓ సుక్క టీ తాగండి.”

టీ!

లాంతరు వెలుగులో చూశాడు. ఆ ఎర్రకన్ను... బొగ్గుల కుంపటి. దాని మీద పెద్ద గిన్నె. టీ పొంగి నిప్పుల మీద పడినప్పుడల్లా బుస్సుమంటోంది. తీగ బుట్టలో పన్నెండు గాజుగ్లాసులు. ఆవిడ కదిపినప్పుడల్లా గల్లుగల్లుమంటున్నాయి. పాదాలు ముందుకే ఉన్నాయి. మడమలు పగిలి ఉన్నాయి.

అప్పలకొండ. మండలి హాలు గేటు పక్కన ఇరవై రెండేళ్ళు టీబండి నడిపిన అప్పలకొండ.

ఉగాది ముందు విదేశీ అతిథి వస్తున్నాడని, గేటు పక్క బండి ఉంటే బాగుండదని, తీయించేద్దామని మండలిలో అనుకున్నారు. ఆ కాగితం రాసింది వెంకటేశ్వరరావే. ఇంగ్లీషులో రాశాడు. ‘అనారోగ్యకరమైన ఆక్రమణ’ అన్న మాట కోసం డిక్షనరీ కూడా చూశాడు. కార్యవర్గం మొత్తం సంతకాలు పెట్టింది. బండి లేచిపోయింది. ఆ చోట పూలకుండీలు పెట్టి ‘సెల్ఫీ పాయింట్’ అని బోర్డు కట్టారు. తాపియో సన్మానానికొచ్చి, ఇక్కడ టీ ఎక్కడ దొరుకుతుంది అని అడిగిన మాట ఆయనకి ఇప్పుడు గుర్తొచ్చింది.

“మూడ్రోజులే అన్నారు, బాబూ,” అంది అప్పలకొండ గ్లాసు అందిస్తూ. “నాలుగో దినం వచ్చి సూస్తే పూలమొక్కలున్నాయి. మొక్కల్ని పీకీమని ఎవుల్నడుగుతాను?”

వెంకటేశ్వరరావు టీ తాగాడు. అల్లం ఘాటుకి కళ్ళంట నీళ్ళొచ్చాయి. అల్లమే అనుకున్నాడు.

“మరి ఇక్కడెందుకు? పవర్‌హౌస్ బజారులో పెట్టుకోవచ్చు కదా.”

“మా అమ్మాయి ఇల్లక్కడే. రాత్రికి అక్కడికే పోతాను. కానీ బండికి సోటేదీ? అడుగడుక్కీ ఒకడున్నాడు. ఇక్కడ దెయ్యముందని ఎవులూ రారు. ఎవులూ రాపోతే ఎవులూ లెగ్గొట్టరు.” కాస్త గొంతు తగ్గించింది. “దెయ్యం నాకు శాన మంచి సేసింది, బాబూ. మనుసులే...” అని ఆగిపోయింది.

“మరి బేరం?”

“జరుగుతాది. ఈయాలే ఖాళీ. అదడక్కండి.”

తాపియో వచ్చాడు. “సూసినారా! మంచి అమ్మ!” అన్నాడు తెలుగులో, సంతోషంగా. అప్పలకొండ అతనికి గ్లాసిచ్చి నవ్వింది. “ఈ బాబొస్తన్నాడనే కదా నన్ను తీయించీసినారు. ఏటి సిత్రమో!”

“తీయించీసినారు అంటే ఏమిటి?” అన్నాడు తాపియో, జేబులోంచి చిన్న నోటుబుక్కు తీసి.

వెంకటేశ్వరరావు చెరువు వైపు చూశాడు. అబద్ధం చెప్పడం చాలా సులువు. కాని అతను కలం పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. చెప్పేశాడు. ఎవరు తీయించారో, ఎవరి కోసమో, ఆ ఇంగ్లీషు కాగితం ఎవరు రాశారో అంతా చెప్పాడు.

తాపియో ఆ మాట రాసుకోలేదు. నోటుబుక్కు మూసి జేబులో పెట్టుకున్నాడు. ఆ రాత్రి ఇద్దరూ ఇంటికి నడిచారు. చుట్టు తిరిగి కాదు, గట్టు మీంచే.

ఆదివారం సాయంత్రం నాలుగింటికి మండలి కార్యవర్గం కూర్చుంది. హాలు కిక్కిరిసింది. ఉపన్యాసాలకి ఏనాడూ ఇంతమంది రాలేదు.

వెంకటేశ్వరరావు పంపుహౌసు మాటెత్తలేదు. ముందుగా ఒక తీర్మానం పెట్టాడు. “గేటు దగ్గర సెల్ఫీ పాయింటు తీసేసి, అప్పలకొండ టీబండి మళ్ళీ పెట్టిద్దాం. ఆ కాగితం రాసిన తప్పు నాది.”

ఒక్క చెయ్యి లేవలేదు. అధ్యక్షుడు సత్యారావు పైకప్పు చూశాడు. మనోజ్‌కుమార్ చెప్పులు చూసుకున్నాడు. ఆ సెల్ఫీ పాయింటు మీద కోశాధికారి మురళీధర్ బావమరిది పేరుంది. బోర్డు చందా అతనిదే.

మురళీధర్ గొంతు సవరించుకున్నాడు. “అసలు తర్వాతి పని ఆ పంపుహౌసేనండీ. ప్లాంటువాళ్ళకి చెప్పి అదంతా శుభ్రం చేయిద్దాం. లైట్లు, బెంచీలు, బోటింగు. రావుగారు స్వయంగా వెళ్ళొచ్చారు కదా. అక్కడేమీ లేదని వారి నోటితోనే చెబితే, రేపే కాగితం పెట్టేద్దాం.”

అందరూ వెంకటేశ్వరరావు వైపు తిరిగారు. ఛాయ తిరిగింది. ప్రసూన ఫోనెత్తి వీడియో తీయడం మొదలెట్టింది.

పదిహేనేళ్ళు. నలభై రెండు స్లైడులు.

“ఉంది,” అన్నాడు వెంకటేశ్వరరావు.

ప్రసూన ఫోను ఇంకొంచెం దగ్గరికి తెచ్చింది.

“నా కళ్ళతో చూశాను. ఎర్రగా... ఒకే కన్ను. పేరుతో పిలిచింది. అటు ఎవరూ వెళ్ళకండి. గోడ మీద చెయ్యి వేస్తే... ఊరుకోదు.”

మురళీధర్ నవ్వబోయాడు. అంతలో సత్యారావు లేచి నిలబడ్డాడు. డెబ్భై ఏళ్ళ మనిషి, ఎప్పుడూ అబద్ధం ఆడడని పేరు. “నిజమే,” అన్నాడు. “నేనూ చూశాను. మే నెల్లో.”

“మైఁనే భీ,” అన్నాడు మనోజ్‌కుమార్. “రెండు సార్లు.”

“మా ఆయనా చూశారు,” అంది వెనక వరసలోంచి రజనీకుమారి. “అప్పట్నించి రోజూ ఇంటికి ఆలస్యంగా వస్తున్నారు.”

ఒకరి తర్వాత ఒకరు తొమ్మిది మంది లేచారు. మురళీధర్ అటూ ఇటూ చూశాడు. ఇంతమందికి కనబడింది తనకొక్కడికే కనబడలేదంటే పరువేం కాను? “నేనూ... దూరం నుంచి ఏదో చూశాను లెండి,” అని కూర్చున్నాడు. పంపుహౌసు కాగితం ఆగిపోయింది.

వెంకటేశ్వరరావుకి సంతోషం వేసింది. కాస్త బాధా వేసింది. పదిహేనేళ్ళు నిజం చెబితే కళ్ళు తెరవనివాళ్ళు, ఒక్క అబద్ధానికి ఎంత గబగబా లేచారు! ఈ జనాన్ని బాగుచెయ్యడం తన వల్ల కాదనుకున్నాడు.

సంగతి అప్పలకొండకి చెబుదామని ఆ సాయంత్రం ఏడింటికి ఒంటరిగా గట్టెక్కాడు. పంపుహౌసు వెనక మలుపు తిరిగేసరికి చెయ్యి స్కూటరుకి తగిలింది. దాని పక్కన ఇంకోటి. ఇంకోటి. లైట్లార్పి, తుప్పల చాటున వరసగా తొమ్మిది బళ్ళు.

గుమ్మంలోంచి తొంగిచూశాడు.

కుంపటి చుట్టూ గోడకానుకుని, చేతుల్లో గ్లాసులతో కూర్చున్నారు అందరూ. కాగితం మీద సంతకాలు పెట్టినవాళ్ళే. ఇందాక చెయ్యెత్తనివాళ్ళే. రజనీకుమారి మొగుడు గ్లాసులో బిస్కట్టు ముంచుతూ ముంచుతూ బిగుసుకుపోయాడు.

సత్యారావు మాత్రం తొణకలేదు. బెంచీ మీద కొంచెం జరిగి చోటిచ్చాడు.

“రండి, రావుగారూ,” అన్నాడు గుసగుసగా. “కొంచెం మెల్లగా. దెయ్యాలుండే చోటు.”