నలభై ఒకటో కప్పు

బట్టీ మూత ఎత్తి ఆమె కప్పులు లెక్కపెట్టింది. నలభై కప్పులు పేర్చిన చోట నలభై ఒకటి ఉన్నాయి.

ఆ ఎక్కువ వచ్చిన కప్పు బొద్దుగా, వంకరగా, మూతి ముడుచుకుని కూర్చుంది. పైగా పక్క కప్పుకి భుజం ఆనించింది. మెరుపు కోసం పూసే గ్లేజు కరిగి రెండూ అతుక్కుపోయాయి. ఆమె లాగింది, తట్టింది, బతిమాలింది. కదిలితే కదా! అడుగు నుంచి కూడా గ్లేజు కారి, అది కింది పలకకీ అంటుకుపోయింది. అంటే పనికొచ్చేవి ముప్పై తొమ్మిదే.

అడుగున గ్లేజు పూయకూడదని మట్టి పనిలో దిగిన మొదటి వారంలోనే నేర్పుతారు. అంటే దొంగ ఈ పనికి కొత్త.

సాయంత్రం ఐదింటికల్లా కాఫీ షాపు ఓనరమ్మకి నలభై కప్పులు ఇవ్వాలి. ఒక్కటి తగ్గినా ఇంకోచోట చూసుకుంటానని ఆవిడ ముందే చెప్పేసింది. ఆరేళ్ల వయసు నుంచి గోళ్లలో మట్టి వదలని మనిషికి ఇదే మొదటి పెద్ద ఆర్డరు. ఇది నెగ్గితే, హ్యాండ్‌బ్యాగులో మూడు వారాలుగా నలుగుతున్న రాజీనామా లెటరు రేపు ఆఫీసులో ఇచ్చేస్తుంది. లేదంటే మట్టి మళ్లీ ఆదివారాల ముచ్చటే.

వర్క్‌షాపు తాళంచెవి ఆమె కాక ఇద్దరి దగ్గరే ఉంది. ఒకరు అమ్మ. ఇంకొకరు పక్క షాపు వాచీ మెకానిక్. ఆమె ఆఫీసులో ఉన్న రోజుల్లో బట్టీ వెలిగించి, ఆర్పేది అతనే. వెంట్రుకంత స్ప్రింగు బిగించే ఆ వేళ్లు ఇంత వంకర పని చేస్తాయంటే ఆమె మనసు ఒప్పుకోలేదు.

అమ్మకి ఫోన్ చేసి నిలదీసింది. సున్నా రాస్తేనే గుండ్రంగా రాదు, నేను కప్పు చేస్తానా అంది అమ్మ. అని ఊరుకోకుండా కిసుక్కున నవ్వి పెట్టేసింది.

ఇంతలో గుమ్మంలో వాచీ మెకానిక్. చేతిలో మెత్తటి గుడ్డ, గుడ్డలో కప్పు. ఆర్నెల్ల కింద ఈ మోడల్‌లో ఆమె చేసి అతనికిచ్చిన మొట్టమొదటి కప్పు.

“ఇది కలపండి. నలభై అవుతాయి.”

అదే రంగు, అదే అచ్చు. లోపల ఒక్క టీ మరక లేదు. రోజూ ఇందులోనే తాగుతున్నానని అతను కోసిన కోతలన్నీ గుర్తొచ్చాయి. ఆమె దాన్ని డబ్బాలో నలభయ్యోదిగా సర్దింది. అప్పుడు ఆమెకి వెలిగింది.

“ఒకటి తగ్గిందని నేనింకా మీకు చెప్పలేదే, మెకానిక్ గారూ?”

అతని చెవులు ఎర్రబడ్డాయి. తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు. ఆమె దాన్ని తిరిగి అతని చొక్కా జేబులో వేసింది.

“ఇది మీ దగ్గరే ఉంటుంది. ముందు నేరం మీ నోటితో ఒప్పుకోండి.”

“నేనే పెట్టానండీ. మీరు పక్కన పడేసిన మట్టితో చేశాను. పదకొండోసారికి అలా వచ్చింది, మిగతా పదీ చూస్తే మీరు ఏడుస్తారు. అడుగు ఒక్కటీ పూయకుండా వదిలేయడానికి మనసొప్పక అక్కడా గ్లేజు పూశాను. నిన్న మూత ఎత్తి చూసి, ఎలా చెప్పాలో తెలియక పారిపోయాను. ఆ కప్పులో టీ పోసిచ్చి, మీరు తాగుతుంటే అడుగుదామనుకున్నా. మీ అమ్మగారితో అంటే, అడగాల్సింది నన్ను కాదు బాబూ అని నవ్వారు. ఇక టీ లేకుండానే అడుగుతున్నా. నన్ను పెళ్లి చేసుకుంటే, మన షాపుల మధ్య గోడ తీయించేద్దాం.”