నేల వాటం

ఆదివారం ఉదయం ఎనిమిదింటికి గోవర్ధనరావుగారు హాల్లో పడక కుర్చీలో కూర్చుని పేపరు చదువుతుంటే, గుమ్మం ముందు రిక్షా ఆగింది. రిక్షాలో మనిషి లేడు. నల్లరంగు వేసిన ఇనప చట్రం ఒకటి దర్జాగా కూర్చుని ఉంది. దాని వెనకే సైకిల్ దిగుతూ అల్లుడు ధనుంజయ్ కనిపించాడు.

"ఏంటండీ అల్లుడుగారూ అది? మా ఇంట్లో మంచాలు చాలట్లేదా?"

"మంచం కాదండి మావయ్యగారూ. చేపల తొట్టికి స్టాండు. హాసిని అక్వేరియం కావాలని ఆర్నెల్ల నుంచి అడుగుతోంది కదండీ, నేనే చేశాను."

గోవర్ధనరావుగారు పేపరు మడిచారు. ముదినేపల్లి దగ్గర ఇరవై ఎకరాల చేపల చెరువులున్న మనిషి ఆయన.

"చేపలన్నాక చెరువులో ఉండాలి, లేకపోతే పులుసులో ఉండాలి. ఈ రెండూ కాని చేపలు మా ఇంట్లో ఎప్పుడూ లేవండీ."

ఆ విసురులో ఒళ్ళో ఉన్న పెన్ను కిందపడి గుమ్మం దాకా దొర్లిపోయింది. ఆ పెన్ను ఎప్పుడూ అంతే. వంటింట్లో పెసరట్టు తిరగేస్తున్న గాయత్రి మాత్రం తండ్రి నోట ఆ "మా ఇంట్లో" వినగానే అట్లకాడ పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

మన భాషలో "మా" అని ఒక మాట ఉంది, "మన" అని ఇంకో మాట ఉంది. ఆ రెంటి మధ్యా ఎంత దూరముందో ఇల్లరికం వచ్చిన అల్లుణ్ణి అడగాలి. ధనుంజయ్‌ది అవనిగడ్డ దగ్గర పల్లెటూరు. గుడివాడలో ఒక ఐటీఐలో ఫిట్టర్ మాస్టారు. గాయత్రి ఒక్కగానొక్క కూతురు, పైగా అత్తగారు అమ్మాజీగారికి మోకాళ్ళ నొప్పులు. "బాబూ, మా దగ్గరే ఉండండి" అని ఆవిడ నోరు తెరిచి అడిగితే కాదనలేక వచ్చాడు. వచ్చి ఆరేళ్ళయింది.

మావగారు చెడ్డవాడని ఎవరైనా అంటే కళ్ళు పోతాయి. పండక్కి బట్టలు పెట్టడంలో గానీ, "మీరు" అని మర్యాదగా పిలవడంలో గానీ లోటు చేయలేదు. కానీ పుస్తకాలకి ఓ చెక్క బిగించుకుందామని ధనుంజయ్ సుత్తి తీస్తే, "మా గోడలకి మేకులు కొట్టకండి అల్లుడుగారూ" అన్నారు. అతను సుత్తి మళ్ళీ సంచిలో పెట్టేశాడు. ఆ ఇంట్లో తనదంటూ బట్టలూ, గడ్డం గీసుకునే సామానూ తప్ప ఏమీ లేకుండానే ఆరేళ్ళు గడిపేశాడు.

అందుకే ఈ స్టాండు మీద అంత ఆశ పెట్టుకున్నాడు. స్నేహితుడి వెల్డింగు షాపులో పదిహేను సాయంత్రాలు కూర్చున్నాడు. ఇనప యాంగిల్ తనే కోసి, తనే అతికించి, అతుకులు చేత్తో తడిమినా తెలియకుండా అరగదీసి రంగు వేశాడు. ఆ పదిహేను సాయంత్రాల సంగతి ఇంట్లో గాయత్రికి ఒక్కదానికే తెలుసు.

టిఫిన్లయ్యాక స్టాండుని హాల్లో గోడవారగా పెట్టి, పైన చెక్కా థర్మోకోలూ పరిచి, నాలుగడుగుల గాజుతొట్టి ఎక్కించాడు. ఐదేళ్ళ కూతురు హాసిని చెంబుతో, అతను బిందెతో నీళ్ళు పోశారు. తొట్టి ముప్పాతిక నిండేసరికి చెరువుల దగ్గర కాపలా ఉండే రత్తయ్య రెండు బొచ్చె చేపలు తాడుకి గుచ్చుకుని వచ్చాడు. గుమ్మంలో నిలబడి తొట్టికేసి తల అటు వంచి చూశాడు, ఇటు వంచి చూశాడు.

"బాబుగారూ, నీళ్ళు ఒరిగినయ్యేంటండీ?"

నిజమే. గుమ్మం వైపు నీళ్ళు బొటనవేలంత ఎత్తుగా ఉన్నాయి.

గోవర్ధనరావుగారు పకపకా నవ్వారు. "రోజూ వందమంది కుర్రాళ్ళకి ఫిట్టింగ్ నేర్పుతారు రా రత్తయ్యా, మా అల్లుడుగారు! చేసిన స్టాండుకి మాత్రం కాళ్ళు ఎగుడుదిగుడు!"

ధనుంజయ్ గబగబా లోపలికెళ్ళి టేపు తెచ్చి నాలుగు కాళ్ళూ కొలిచాడు. వెంట్రుకవాసి తేడా లేదు. సంచిలోంచి రసమట్టం తీసి నేలమీద పెట్టాడు. లోపలి బుడగ ఒక పక్కకి పరిగెత్తింది.

"స్టాండు సరిగ్గానే ఉందండి. నేలే ఒరిగింది. ముందే చూసుకోకపోవడం నా తప్పు."

"ఆడలేక మద్దెల ఓడన్నాడట!" ఆయన గొంతు లేచింది. "డెబ్భై తొమ్మిదిలో ఇటిక ఇటికా దగ్గరుండి పేర్పించానండీ. ఇరవై మూడేళ్ళలో మా ఇంటికి వంక పెట్టిన మొనగాడు లేడు. మా నేల ఒరిగిందా?"

"అవునండి, మీ నేలే. మీ గోడే, మీ ఇల్లే." ధనుంజయ్ నేలమీది రసమట్టం తీసుకుంటూ మెల్లగానే అన్నాడు. "అది మర్చిపోయి దీన్ని ఇక్కడికి తేవడమే నేను చేసిన పొరపాటు. ఒకటో తారీఖుకి అద్దిల్లు చూసుకుంటానండి. దీన్ని అక్కడే పెట్టుకుంటాను."

రత్తయ్య చేపలు పట్టుకుని మెల్లగా పెరట్లోకి జారుకున్నాడు. ఆరేళ్ళలో గొంతెత్తి మంచినీళ్ళు కూడా అడగని మనిషి ఆ మాటన్నాడంటే అన్నట్టే. గాయత్రికి ఆ సంగతి తెలుసు. కళ్ళు తుడుచుకుని తండ్రి ఎదురుగా వచ్చింది.

"ఆయనెక్కడుంటే నేనూ అక్కడే నాన్నా. అమ్మ మోకాళ్ళు చూసుకోవడానికి రోజూ వచ్చి పోతాను. కానీ ఆయన్నిక్కడ ఇంకా అతిథిలా ఉంచలేను."



అప్పటిదాకా స్తంభానికి ఆనుకుని చూస్తున్న అమ్మాజీగారు కుంటుకుంటూ వచ్చారు. మనవరాలి చేతిలోంచి నీళ్ళచెంబు తీసుకుని, హాలు మధ్యలో గుమ్మరించేశారు.

"అమ్మా! ఏంటిది?"

"చూడండి, అందరూ చూడండి."

చీపురు తగలకుండా, ఎవరూ నెట్టకుండా ఆ నీళ్ళు బుద్ధిగా స్టాండు పక్కనుంచి పారి, గుమ్మం పక్క తూములోంచి వీధిలోకి వెళ్ళిపోయాయి.

"మద్దెల నిజంగానే ఓడండీ," అన్నారావిడ భర్తతో. "నేలకి వాటం పెట్టించింది నేనే. శుక్రవారం శుక్రవారం ఇంత హాలూ కడిగి, నీళ్ళు నెట్టలేక నా నడుం విరిగేది పాతింట్లో. మీరు చెరువులకెళ్ళిన రోజు తాపీమేస్త్రికి గారెలు పెట్టి, నీళ్ళు వాటంతటవే పోయేలా వెయ్యి నాయనా అని బతిమాలాను. మీకు చెబితే మా ఇంట్లో ఒంకరనేలేంటి అంటారని చెప్పలేదు."

"ఇరవై మూడేళ్ళా?" గోవర్ధనరావుగారు నోరు తెరిచారు. "నాకెలా తెలియలేదే?"

"నడిచేవాళ్ళకేం తెలుస్తుంది, కడిగేవాళ్ళకి తెలుస్తుంది గానీ!"

గాయత్రికి ఏడుపులోనే నవ్వొచ్చింది. అమ్మాజీగారు మాత్రం నవ్వలేదు.

"నేనూ గుడ్లవల్లేరులో పుట్టి ఇక్కడికొచ్చిన దాన్నేనండీ. నన్ను కాపురానికొచ్చింది అన్నారు. ఆ పిల్లాడొస్తే ఇల్లరికం వచ్చాడు అంటున్నారు. ఏం, ఇద్దరం పుట్టిల్లు వదిలే కదా వచ్చాం? నేల వేయించుకోవడానికి నేను దొంగచాటు పని చేశాను. అతనికి అదీ చేతకాదు. నోరు మూసుకుని ఆరేళ్ళు బతికాడు. ఇవాళ పొమ్మంటారా మరి? చెప్పండి!"

ఆయన కండువా దులిపి భుజాన వేసుకుని పెరటివైపు వెళ్ళిపోయారు. అలిగి చెరువుల మీదకి పోతున్నారనుకున్నారంతా. ధనుంజయ్ ఒక్కడే కూర్చుని మగ్గుతో తొట్టిలో నీళ్ళు తోడటం మొదలుపెట్టాడు.

తొట్టి ఖాళీ అయ్యేసరికి గోవర్ధనరావుగారు తిరిగొచ్చారు. చేతిలో పెరటి కొట్లోంచి తెచ్చిన నాలుగు ఇనప పలకలు, నిండా తుప్పు. వాటిని నేలమీద పెట్టి, పంచె ఎగ్గట్టుకుని, అల్లుడి పక్కన చతికిలబడ్డారు.

"చెరువు గట్టుమీద నీళ్ళ మోటారు కింద వేసే పలకలివి. గట్టేమన్నా సమంగా ఉండి చస్తుందా? మోటారునే మట్టం చేసుకోవాలి," అని గొణిగారు. "ఆ రసమట్టం ఇలా ఇచ్చి, నువ్వు ఆ కాలెత్తు. ఊఁ, ఇంకొంచెం."

ధనుంజయ్ ఎత్తాడు. "నువ్వు" అన్న మాట అతని చెవినపడింది గానీ, నమ్మకం కలగక ఆయన మొహంకేసి చూశాడు. ఆయన బుడగకేసే చూస్తున్నారు.

"వచ్చింది, వచ్చింది, ఆపు! మధ్యకొచ్చింది." ఆయన నుదుటి చెమట తుడుచుకున్నారు. "రేపు షాపుకి తీసుకెళ్ళి వీటిని కాళ్ళకి అతికించెయ్యి. అతుకు నీ చేత్తోనే వెయ్యి, బాగా వేశావ్." మళ్ళీ బుడగకేసి చూసి, "అందుకేనంటావా నా పెన్ను ఎప్పుడు పడ్డా గుమ్మం దాకా పోయేది? చెయ్యి వణికే వయసొచ్చిందని దిగులుపడి చచ్చానయ్యా!"

అమ్మాజీగారు కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వారు. అద్దిల్లు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

పై ఆదివారానికి తొట్టిలో ఎనిమిది ఎర్రచేపలు తిరుగుతున్నాయి. నీళ్ళు గీత గీసినట్టు సమంగా ఉన్నాయి. హాసిని గాజుకి ముక్కు ఆనించి పేర్లు పెడుతోంది. ధనుంజయ్ తొట్టి లైటు చేతిలో పట్టుకుని ఎక్కడ తగిలించాలా అని చూసి చూసి, గొంతు సవరించుకున్నాడు.

"మావయ్యగారూ, ఈ గోడకి ఒక మేకు కొట్టచ్చాండీ?"

గోవర్ధనరావుగారు పేపర్లోంచి తలెత్తలేదు.

"నన్నడుగుతావేంటయ్యా? మనిల్లే కదా, కొట్టుకో."

వంటింట్లో గాయత్రి మళ్ళీ అట్లకాడ పట్టుకుని నిలబడిపోయింది. ధనుంజయ్ సుత్తి ఎత్తాడు గానీ, కళ్ళలో నీళ్ళు తిరిగి మేకు కనిపించలేదు. భుజంతో కళ్ళు తుడుచుకుని, అప్పుడు కొట్టాడు.