పన్నెండు సగం పడవలు

వేలాయుధం ఆచారి తిరువళ్ళూరు కార్ఖానా నుంచి పడవబొమ్మ ఎత్తుకొచ్చాడనీ, గుడ్డలో చుట్టుకొని తిరుత్తణి స్టేషన్లో దిగుతుంటే ఎదురింటి సరసమ్మ కళ్ళారా చూసిందనీ వీధంతా చెప్పుకుంది. సరసమ్మ నోట ఆ మాట విన్నవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. అందరూ ఇంకొకరు చెప్పగా విన్నవాళ్ళే.

మూడోరోజు పొద్దున ఆ ఆచారే తిరువళ్ళూరులో డిటెక్టివ్ దేవరాజులు గది ముందు చెప్పులు విడిచాడు.

"అయ్యా, ఆడి కృత్తిక పండక్కి మా వీధి గుడి నెమలివాహనం నేను చెయ్యాల. దొంగ చెయ్యి దానిమీద పడగూడదని ధర్మకర్త అనేసినాడు. రేపటికి తేలకుంటే పని వేరేవాళ్ళకి పోతాది."

"గుడ్డలో ఏముండింది?"

"సగం పనసకాయ."

అసిస్టెంటు పెరుమాళ్ నవ్వాడు. దేవరాజులు నవ్వలేదు.

సంగతి ఇది. మద్రాసులో పడవ పందేల క్లబ్బు ఒకటి పన్నెండు ట్రోఫీలు కావాలంది. పడవను నిలువునా చీల్చినట్టు ఒక పక్కే చెక్కి, చదునైన వైపును పలకకు బిగించాలి. ఆచారి టేకుతో ఒక మచ్చు చెక్కి ఇచ్చాడు. దామోదరం శెట్టి కార్ఖానాకు ఆ ఏడే, ఎనభై ఏడులో, సి.ఎన్.సి. మిషను వచ్చింది. మచ్చు కొలతలన్నీ చిల్లుల కాగితం టేపుమీదికి ఎక్కిస్తే చాలు, మిషను అచ్చం అలాంటివే కోసిపెడుతుంది. పన్నెండూ తయారయ్యాయి. వాటితోపాటు క్లబ్బుకు చూపించాల్సిన మచ్చు మాత్రం మాయమైంది.

"మచ్చుకి గుర్తేమన్నా ఉందా?"

"పేరు చెక్కే అలవాటు మాకు లేదయ్యా. చదునుపక్క చిన్న తొర్ర పెట్టి, పసుపు పూసిన వడ్లగింజ ఒకటేసి, మైనంతో మూసేస్తాం. వాహనమైనా ఊయలైనా గింజ లేకుండా గడప దాటించం."

కార్ఖానాలో మిషను నడిపే వరదన్ ఇస్త్రీ చొక్కాతో ఎదురొచ్చాడు. అల్మారాలో పన్నెండు ట్రోఫీలు పాలిష్ మెరుపుతో వరసగా ఉన్నాయి. ఒకదానికీ ఇంకొకదానికీ తేడా పెరుమాళ్‌కు కనిపించలేదు.

"ఎన్ని దిమ్మలు కోశావు?" అన్నాడు దేవరాజులు.

"పన్నెండే సార్. మచ్చు చెక్కిన టేకులోవే. అంతకుమించి రాలేదు."

"ఒక్కటీ చెడలేదా?"

"చెడేదానికి ఇదేమన్నా ఆచారి చెయ్యా సార్, వణికేదానికి? మిషను!"

"ఆ మాట నమ్మే కదా ఇంత పెట్టి తెచ్చినాను," అన్నాడు శెట్టి గర్వంగా.

దేవరాజులు చెత్తడబ్బాలోంచి విరిగిన కట్టర్ ముక్క తీశాడు. "ఇదెప్పుడు విరిగింది?"

"పోయిన నెల, ఇనుము కోసేటప్పుడు."

దాని పళ్ళ సందుల్లో ఇరుక్కున్నది టేకు పొడి. దేవరాజులు దాన్ని రుమాలులో చుట్టుకున్నాడు.

సాయంత్రానికి పెరుమాళ్ తిరుత్తణి వెళ్ళి ధర్మకర్త వెంకటాచలాన్ని రైల్లో వెంటబెట్టుకొచ్చాడు. అందరూ కార్ఖానాలో బల్ల చుట్టూ నిలబడ్డారు. ఆచారి ఒక్కడే వాకిలి దగ్గర ఆగిపోయాడు.

"ఈ కట్టర్ విరిగింది టేకులో," అన్నాడు దేవరాజులు. "కోత మధ్యలో కట్టర్ విరిగితే దిమ్మ పాడవుతుంది. వచ్చినవి పన్నెండు దిమ్మలే. ఒకటి పాడైతే మిగిలేవి పదకొండు. బల్లమీద మాత్రం పన్నెండు పడవలున్నాయి. మరి పన్నెండోది యాడనుంచి వచ్చింది? పెరుమాళ్, మరలు విప్పు."

ఒక్కొక్క పలకా ఊడింది. ఎనిమిది పడవల వెనక ఏమీ లేదు. తొమ్మిదోదాని వెనక మైనం చుక్క! దేవరాజులు గుండుసూదితో గీకాడు. అరచేతిలోకి పసుపు పూసిన వడ్లగింజ ఒకటి రాలింది.

వరదన్ తల వంచుకున్నాడు. "దిమ్మ చీలిపోయింది సార్. ఇంకొకటి అడిగితే మిషను తప్పు చేసిందని తెలిసిపోతాది. మచ్చుకే పాలిష్ పెట్టి బిగించేసినాను. ఆరోజు ఆచారి మూటతో పోయేది చూసి, ఆయన పేరు చెప్పేసినాను."

"నెమలివాహనం నీదే ఆచారీ," అన్నాడు వెంకటాచలం చప్పున.

శెట్టి గొంతు సవరించుకున్నాడు. "సరే పోనీ, మనసులో పెట్టుకోబాక ఆచారీ. ఏది నీదో మాకే తెలీలేదంటే చూడు, మిషను ఎంత బాగా చేసిందో!"

వేలాయుధం బల్ల దగ్గరికొచ్చి తన పడవను తువ్వాల్లో చుట్టుకున్నాడు.

"పన్నెండు పడవల్లో నా చెయ్యి నీకు తెలీలా. ఇంతమంది జనంలో దొంగ నేనేనని మాత్రం యెట్ల తెలిసిపోయింది శెట్టీ?"