స్వామి వేసిన అతుకు

గోపన్‌పల్లిలో పాత పేపర్లకు ఫ్రేములు కట్టే స్వామి, పొద్దున తొమ్మిదింటికి తన షాపులోనే శవమై కనిపించాడు. గుండెపోటన్నారు కాలనీ జనం. మెడ వెనక సూది గుర్తును ఏజెంట్ రవీందర్ మాత్రం చూశాడు. స్వామిని ఇన్‌ఫార్మర్ పనిలోకి దింపింది తనే. "ఫికర్ చెయ్యకు స్వామన్నా, నేనున్న" అని మాటిచ్చిందీ తనే.

ఫోన్‌లో చీఫ్ జయలక్ష్మి గొంతు పొడిగా పలికింది.

"విదేశాల్లో ఉన్న మన పదకొండు మంది ఏజెంట్ల పేర్లున్న మైక్రోఫిల్మ్. దాన్ని అమ్మబోయే ముఠా, ఓ పాత న్యూస్‌పేపర్లో దాచమని స్వామికిచ్చింది. హైటెక్ సిటీ, ముఠా ఉండే ఇరవై ఏడో అంతస్తు ఫ్లాట్. అక్కడ ఆరు ఫ్రేములు, ఒకదాంట్లో ఫిల్మ్. సరిగ్గా నాలుగింటికి కొనేవాడు వస్తాడు. ముందే రెయిడ్ చేస్తే వాడు జారుకుంటాడు."

"ఏ ఫ్రేముల ఉన్నది మేడం?"

"అది చెప్పేలోపే స్వామి పోయాడు. ముఠాలో ఉన్న మన డబుల్ ఏజెంట్ ఉమాశ్రీ చూపిస్తుంది."

నాలుగింటికి పది నిమిషాలుందనగా రవీందర్ అద్దాలు బిగించే పనివాడి వేషంలో బెల్ కొట్టాడు. ఎర్ర సిల్కు చీరలో ఉమాశ్రీ తలుపు తీసింది.

"ఈ గోడకు ఎండ తగుల్తదా అమ్మా? పేపర్లు ఖరాబైతయి."

"పొద్దుటి పూటేనండి."

కోడ్ కలిసింది. "మూడోది," గుసగుసలాడిందామె.

అద్దాలు బిగించని ఆరు ఫ్రేములు బల్ల మీద పరిచి ఉన్నాయి. యుద్ధం గెలిచిన వార్త, తుఫాను వార్త, పసుపెక్కిన హెడ్‌లైన్లు. చిరుగుల మీద స్వామి పల్చటి టిష్యూను గోధుమపిండి జిగురుతో అతికించాడు. మామూలు కాగితం అతికిస్తే పాత పేపరు పాడైపోతుందని పోట్లాడే మనిషి.

రవీందర్ కొలత టేపులో దాచిన అల్ట్రావయొలెట్ టార్చ్ వెలిగించాడు. మూడో పేపరు నల్లగా ఉండిపోయింది. ఐదో పేపరు మూల అతుకు మాత్రం నీలంగా మెరిసింది. పాత పేపరు అలా మెరవదు. అది ఆఫీసులో వాడే, తెలుపు కోసం రసాయనం కలిపిన కొత్త కాగితం. స్వామి కావాలనే తన కోసం వదిలిన గుర్తు!

తలెత్తాడు. ఉమాశ్రీ చేతిలో పిస్టల్.

"స్వామన్నను చంపింది నువ్వేనా?"

"రెండు పడవల మీద ఎన్నాళ్ళని నిలబడనండి? ఒకదాంట్లోకి దిగాను."

బయట లిఫ్ట్ గంట మోగింది. నాలుగైంది. ఆమె చూపు తలుపువైపు మళ్ళిన క్షణంలో రవీందర్ బిగించడానికి తెచ్చిన అద్దం విసిరాడు. తూటా అద్దాన్ని బద్దలు కొట్టి అతని భుజాన్ని రాసుకుపోయింది. బల్లను ఒక్క తన్ను తన్నాడు. అది తగిలి ఆమె పడిపోయింది, పిస్టల్ జారింది. ఐదో పేపరు అతుకు చీల్చి, గోరంత ఫిల్మ్‌ను నోట్లో వేసుకున్నాడు. గుమ్మం దాకా వచ్చిన కొనేవాడు వెనక్కి తిరిగేసరికి, మెట్ల దగ్గర కాచుకున్న కమాండోలు వాణ్ణి పట్టేశారు.

"శభాష్! ఫిల్మ్ ఏది?" జయలక్ష్మి ఫోన్‌లో అడిగింది.

"మింగిన." భుజం కంటే లోపలే ఎక్కువ మండుతోంది. "స్వామన్న భార్య రుక్కమ్మకు ఏం చెప్పాలె మేడం?"

"గుండెపోటని. మన రికార్డుల్లో ఆ పేరు లేదు."

రవీందర్ పగిలిన అద్దం ముక్కల్లోంచి ఐదో పేపరును ఏరి తీశాడు.

"స్వామన్న చావు రేపటి పేపర్ల గూడ ఉండది మేడం. ఎవ్వలన్న ఫ్రేము కట్టుకునే వార్త కాదుగదా."