సుభద్రమ్మగారి పూసల పలక

విశాలాక్షిగారి తాతగారైన చయనులుగారు బందరు తంతి కార్యాలయంలో పనిచేసినవారు. ఒక తుపాను నాడు మోకాటిలోతు నీటిలో నిలిచి, తీగ తెగేదాకా హెచ్చరికలు పంపి, రేవు పల్లెలను ఖాళీ చేయించారు. విశాలాక్షిగారి తల్లి సుభద్రమ్మగారు హైదరాబాదులో ఒక కంప్యూటర్ కర్మాగారంలో కోర్ మెమరీ అల్లేవారు. ముప్పదిమంది ఆడపిల్లలకు ఆ పని నేర్పి జీవనోపాధి చూపారు.

కోర్ మెమరీ అంటే ఆవగింజంత అయస్కాంతపు పూసలను సన్నని రాగితీగలతో గుచ్చిన పలక. ఒక్కొక్క పూస ఒక్కొక్క బిట్. కరెంటు పోయినా రాత ఏళ్ళతరబడి నిలుస్తుంది. పరీక్షలో తప్పిన పలకను ఇంటికి పట్టుకుపోనిచ్చేవారు. అల్లినవారు అందులో ఒక మాట రాసుకొనడం అక్కడి ఆనవాయితీ. సుభద్రమ్మగారు పోయేముందు అటువంటి పలకనొకదాన్ని కూతురి చేతిలో పెట్టి, అందులో నీకొక మాట ఉంచానన్నారు. కూతురు తేరుకొని వెదికేనాటికి దాన్ని చదివే యంత్రాలు తుక్కుకు పోయాయి.

ఇది 2058. నగరంలో ప్రతి ఇంటా చనిపోయినవారి గొంతులను యంత్రాలు పలికిస్తున్నాయి. పక్కవాటా కామేశంగారిని, దివంగతురాలైన ఆయన భార్య మాత్రలు వేసుకోమని పూటపూటా సాధిస్తూనే ఉంటుంది. సుభద్రమ్మగారి గొంతును ఎవరూ రికార్డు చేయలేదు. ఎనభై ఎనిమిదేళ్ళ విశాలాక్షిగారి ఇంట్లో ఫ్యాను చప్పుడు తప్ప మరొక సవ్వడి లేదు.

మ్యూజియంలో డాక్టర్ నఫీసా అనే శాస్త్రజ్ఞురాలు పాత పలకలను చదివే యంత్రం తయారుచేసిందని విని, విశాలాక్షిగారు తన పలకను పట్టుగుడ్డలో చుట్టి తీసుకువెళ్ళారు. నఫీసా దానిని మైక్రోస్కోపు కింద చాలాసేపు పరిశీలించింది.

"అమ్మమ్మగారూ, దీన్ని చదవడమంటే చెరపడమే. చదివిన వెంటనే యంత్రం మళ్ళీ రాయాలి. ఆ రాసే తీగ ఇందులో తెగిపోయింది. ముందే మారుద్దామంటే సూది తగిలి రాత చెదురుతుంది. ఒక్కసారే చదవగలం."

విశాలాక్షిగారు పలకను ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నారు. చదవకుంటే ఇంట్లో తనతో ఒకరున్నట్లే. చదివితే ఆ ఒక్కరూ వెళ్ళిపోయినట్లే.

నకలు తన కంప్యూటర్లో భద్రంగా ఉంటుందని నఫీసా ధైర్యం చెప్పింది.

"ఫొటో ఉంటే మనిషి ఉన్నట్టా, తల్లీ?" అన్నారు విశాలాక్షిగారు. పలకను అందించి, "కానియ్యి" అన్నారు.

స్క్రీన్‌పై చుక్కలతో రెండే మాటలు వెలిగాయి: "మళ్ళీ రాయి."

పలక ఖాళీ అయింది. విశాలాక్షిగారు కన్నీరు తుడుచుకొని, తెగిన తీగను మార్చడానికి సూది అడిగారు. నఫీసా దగ్గరున్న రోబోయంత్రపు చేతులకు అప్పగిస్తే ఆ పూసలను పగులగొట్టేవి. విశాలాక్షిగారిది చిన్ననాడు తల్లి పక్కన కూర్చుని నేర్చిన పని. పదకొండు రోజులు పట్టింది. తన వేళ్ళు వణికినచోట నఫీసా వేళ్ళు పట్టుకొని తీగ దూర్పించారు. చివరిరోజున నఫీసాను గదిలోనుంచి పంపివేసి, కీబోర్డు ముందు తానొక్కరే కూర్చున్నారు.

మరుసటి ఏడు విశాలాక్షిగారు పోయారు. తన గొంతును ఏ యంత్రానికీ ఇవ్వలేదు. నఫీసాకు అప్పగించినవి ఒక సూది, తీగ గుచ్చే పద్ధతి, తాను రాసిన మాట ఉన్న పలక. చదివిన వెంటనే మళ్ళీ రాయడానికి అందులో తీగ ఇప్పుడు సరిగానే ఉంది. అయినా, పలకలను చదివే యంత్రం తయారుచేసిన నఫీసా ఆ పలకను ఇంతవరకు చదవలేదు.